బహిర్గత లక్షణం మందంతా ఎందుకు నిండిపోదు?

మీరు అడిగినవి రెండు ప్రశ్నలు. మీ చిన్నాన్న గారి మేకల మందలో సుమారు సగం మేకలకు మెడ కింద రెండు తోలు బుడిపెలు వేలాడుతున్నాయి, ఆ లక్షణం బహిర్గతమని పుస్తకంలో ఉంది, మరి ఇన్ని తరాలు గడిచినా మందంతా బుడిపెల మేకలే ఎందుకు కాలేదన్నది మొదటిది. జన్యువుల పాళ్లు తరతరాలకూ మారకుండా నిలుస్తాయని చెప్పే హార్డీ–వీన్‌బర్గ్ సూత్రానికి పెట్టిన ఐదు షరతులూ (జనాభా పెద్దదై ఉండాలి, జతలు యాదృచ్ఛికంగా కలవాలి, వరణం అంటే ఎంపిక, వలస, ఉత్పరివర్తనం అంటే జన్యువు తానే మారడం ఉండకూడదు) ఏ జీవికీ పూర్తిగా వర్తించవు కదా, అటువంటి సూత్రాన్ని ఎందుకు చదవాలన్నది రెండోది.

ముందు సూటిగా జవాబు. బహిర్గతం అంటే పైకి కనిపించేది అని మాత్రమే అర్థం, పెరిగేది అని కాదు. ఒక జన్యువు పైకి కనిపించడానికీ దాని సంఖ్య పెరగడానికీ సంబంధమే లేదు. పెరగాలన్నా తగ్గాలన్నా ఏదో ఒక బలం తోయాలి. తోసేది లేనప్పుడు పది తరాలైనా వంద తరాలైనా నిష్పత్తి ఉన్నచోటే ఉంటుంది. ఇక రెండో ప్రశ్న. ఆ సూత్రం కుదరని చోటే అది ఎక్కువ పనికొస్తుంది. తాపీమేస్త్రి రసమట్టం పెట్టేది గోడ ఎంత వంగిందో, ఎటు వంగిందో చూడడానికి. గోడలన్నీ నిటారుగా ఉంటాయన్న నమ్మకంతో ఎవరూ రసమట్టం కొనరు.

నేను అనంతపురం జిల్లాలో ఒక డిగ్రీ కళాశాలలో జంతుశాస్త్రం చెప్పి పదవీ విరమణ చేశాను. ఈ సందేహం ప్రతి సంవత్సరం ఎవరో ఒకరు అడిగేవారు. అడగని సంవత్సరం పాఠం సరిగా చెప్పలేదేమో అని నాకే అనుమానం వచ్చేది.

లెక్క ఒకసారి చేతితో చేసి చూడండి. మందలో ఉన్న ఈ జన్యువు ప్రతులన్నిటినీ ఒక కుండలో పోశామనుకోండి. బుడిపె వచ్చే ప్రతులు నూటికి 30, రానివి 70. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, రెండూ గుడ్డిగా తీసినట్లే కలుస్తాయి. రెండూ బుడిపెవే అయ్యే అవకాశం 0.3 × 0.3, అంటే 0.09. ఒకటి అది, ఒకటి ఇది కావడానికి రెండు దారులున్నాయి కాబట్టి 2 × 0.3 × 0.7, అంటే 0.42. రెండూ బుడిపె లేనివే అయ్యేది 0.49. ఒక్క ప్రతి ఉన్నా బుడిపెలు వస్తాయి కాబట్టి, పైకి చూస్తే 9, 42 కలిపి నూటికి 51 మేకలకు బుడిపెలు కనిపిస్తాయి. మీ చిన్నాన్న గారి మంద దాదాపు ఇదే.

ఇప్పుడు తర్వాతి తరానికి మళ్లీ కుండ నింపుదాం. మొదటి రకం మేకలు ఇచ్చేవన్నీ బుడిపె ప్రతులే, 0.09. మధ్య రకం ఇచ్చేవాటిలో సగం, 0.21. మొత్తం 0.30. బయలుదేరిన చోటికే వచ్చాం. 'కనిపించడం' అనే మాట ఈ లెక్కలో ఎక్కడా రాలేదు, గమనించండి. పుస్తకాల్లో పీ² + 2 పీ క్యూ + క్యూ² = 1 అని రాసేది దీన్నే; ఇక్కడ పీ అంటే 0.3, క్యూ అంటే 0.7. ఇంకో సంగతి. మొదట మందలో మూడు రకాలూ ఏ పాళ్లలో ఉన్నా, జతలు యాదృచ్ఛికంగా కలిస్తే ఒక్క తరంలోనే ఈ పాళ్లు కుదురుకుంటాయి. లింగ క్రోమోజోముల మీద ఉండే జన్యువులకు మాత్రం ఇంకొన్ని తరాలు పడుతుంది.

మీ సందేహానికి వందేళ్లకు పైబడిన వయసుంది. ఇంగ్లండులో పొట్టి వేళ్ల లక్షణం గురించి చర్చ వచ్చినప్పుడు, అది బహిర్గతమైతే జనంలో నలుగురిలో ముగ్గురికి చొప్పున ఎందుకు స్థిరపడలేదన్న ప్రశ్న లేచింది. జన్యుశాస్త్రవేత్త పన్నెట్‌కు సమాధానం తోచక, తనతో క్రికెట్ ఆడే గణిత మిత్రుడు హార్డీని అడిగాడు. ఆయన 1908లో చిన్న వ్యాసంతో తేల్చేశాడు. తర్వాత కొన్నేళ్లకు మన రామానుజన్ ఉత్తరం అందుకున్న హార్డీ ఈయనే. గణితంలో ఇది చిన్న గుణకారమేనని, ఇంత మాత్రం జీవశాస్త్రజ్ఞులకు తెలియదా అని ఆయనకు కాస్త ఇబ్బందిగానే ఉండింది. అదే సంవత్సరం జనవరిలో స్టట్‌గార్ట్ వైద్యుడు వీన్‌బర్గ్ ఇదే సంగతిని జర్మన్ భాషలో చెప్పాడు. ఆయన పేరు సూత్రానికి జత కావడానికి మాత్రం 1943 దాకా ఆగాల్సి వచ్చింది.

ఇక మందల దగ్గరికి వద్దాం. పిల్లలను తీసుకుని సంతకు వెళ్లి మేకల మెడలు లెక్కపెట్టించడం నాకు అలవాటు. ఈ బుడిపెలనే మన పండితులు అజాగళస్తనమని పిలిచి పనికిరాని వాటికి పోలికగా వాడుకున్నారు. నాకు మాత్రం అంత పనికొచ్చిన అవయవం ఇంకొకటి లేదు. రక్తం తీయనక్కర లేదు, సూక్ష్మదర్శిని అక్కర లేదు, పది అడుగుల దూరం నుంచి లెక్క తేలుతుంది.

ఒకసారి ఒక మందలో దాదాపు అన్ని మేకలకూ బుడిపెలే. ఒక విద్యార్థి వెంటనే, "సార్, చూశారా, బహిర్గతం కాబట్టి నిండిపోయింది" అన్నాడు. కాపరిని అడిగాం. బుడిపెలున్న మేక పాలు ఎక్కువ ఇస్తుందని ఆయన తండ్రి చెప్పాడట. అందుకని పోతుపిల్లల్లో బుడిపెలు లేనివాటిని ముందే అమ్మేసి, ఉన్నవాటినే మందకు ఉంచుతాడు. పాల మాట నిజమో కాదో పక్కన పెట్టండి. ఆ మందను మార్చింది జన్యువు బహిర్గతత్వం కాదు, కాపరి నమ్మకం. దీన్ని కృత్రిమ వరణం అంటాం. ఆయన తండ్రి గనక బుడిపెలు అరిష్టమని చెప్పి ఉంటే అదే బహిర్గత జన్యువు నాలుగైదు తరాల్లోనే దాదాపు మాయమయ్యేది. ఇక్కడ ఒక తిరకాసు ఉంది. బహిర్గత జన్యువును ఏరివేయడం సులువు, ఎందుకంటే అది దాక్కోలేదు. రెండు ప్రతులూ ఉంటేనే పైకి కనిపించే అంతర్గత జన్యువు దాక్కుంటుంది. నూటికి ఒకటి చొప్పున ఉన్న అంతర్గత జన్యువును, లక్షణం కనిపించిన ప్రతి జీవినీ తప్పించి, సగానికి తేవాలంటే 100 తరాలు పడుతుంది. మనుషుల్లో అయితే సుమారు రెండున్నర వేల ఏళ్లు. లోపాలున్నవారికి పిల్లలు కలగకుండా చేసి జాతిని శుద్ధి చేస్తామని ఇరవయ్యో శతాబ్దంలో కొన్ని దేశాలు చేసిన దుర్మార్గం నీతి లెక్కలోనే కాదు, ఈ లెక్కలోనూ తప్పే.

రెండో బలం అదృష్టం. పుస్తకంలో దీని పేరు జన్యు విస్థాపనం. నేను తరగతిలో ఉలవలతో చూపించేవాణ్ని. మన వైపు నల్ల ఉలవలు, ఎర్ర ఉలవలు రెండూ దొరుకుతాయి, పరిమాణం ఒకటే కాబట్టి చేతికి తేడా తెలియదు. కుండలో సగం సగం పోసి, కళ్లు మూసుకుని పది గింజలు తీయమనేవాణ్ని. ఆరు నల్లవి, నాలుగు ఎర్రవి వచ్చాయనుకోండి. ఇప్పుడు కుండను ఆరుకు నాలుగు పాళ్లలో మళ్లీ నింపాలి, మళ్లీ పది తీయాలి. సుమారు పది, పదిహేను విడతల్లో చాలా గుంపుల కుండల్లో ఒక రంగు పూర్తిగా పోయేది. కొన్ని కుండల్లో నలుపు, కొన్నిటిలో ఎరుపు. ఏ రంగుకూ ఏ గొప్పా లేదు, ఎవరూ ఏరలేదు. అదే పది గింజలకు బదులు ఐదు వందలు తీయమంటే పీరియడ్ అయిపోయేదాకా సగం సగం దగ్గరే ఊగేది. పెద్ద జనాభాకూ చిన్న జనాభాకూ తేడా ఇదే. ఒకసారి పోయిన రంగు ఎన్ని విడతలు తీసినా తిరిగి రాదన్నది పిల్లలకు అప్పుడు బాగా తట్టేది.

రోళ్లపాడు పేరు వినే ఉంటారు. కర్నూలు వైపు ఆ గడ్డి మైదానాల్లో బట్టమేకపిట్ట కోసం 1988లో అభయారణ్యం ఏర్పడింది. ఒకప్పుడు విద్యార్థులతో వెళ్లి, మనిషి నడుము ఎత్తు పక్షి గడ్డిలో తల ఎత్తి నడుస్తుంటే ఊపిరి బిగబట్టి చూశాం. తర్వాత వెళ్లినప్పుడు కృష్ణజింకలు మందలుగా కనిపించాయి, పిట్ట మాత్రం లేదు. కడప జిల్లా లంకమల అడవుల్లో 1986లో మళ్లీ దొరికిన కలివికోడిదీ ఇదే కష్టం. ఇటువంటి జీవులు తగ్గేది వేట వల్ల, ఆవాసం పోవడం వల్ల. కానీ కొన్ని పదుల సంఖ్యకు వచ్చాక, ఆపైన నష్టం ఈ ఉలవల లెక్క చేస్తుంది. మంచి జన్యువులు కూడా కేవలం దురదృష్టం కొద్దీ రాలిపోతాయి.

తలల లెక్క చూసి మోసపోవద్దు. మందలో 60 జీవాలున్నాయంటే విస్థాపనం దృష్టిలో అవి 60 కావు. మగవాటి సంఖ్యను ఆడవాటి సంఖ్యతో గుణించి, దాన్ని నాలుగుతో గుణించి, మొత్తం సంఖ్యతో భాగిస్తే వచ్చేది అసలు లెక్కకొచ్చే జనాభా. 58 మేకలు, 2 పోతులు ఉంటే అది ఎనిమిది లోపే. 59 మేకలు, ఒక్క పోతు ఉంటే నాలుగు కూడా నిండదు. ఒక్క పోతునే నమ్ముకుని, బయటి నుంచి కొత్త జీవాన్ని తేకుండా ఉంటే, ఒక తరంలో మందలో పెరిగే రక్తసంబంధం సుమారు ఎనిమిదో వంతు. అక్క కూతురిని పెళ్లి చేసుకుంటే పుట్టే పిల్లలకు వచ్చే సంఖ్యా ఇదే. ఈ మాట రైతులకు చెప్పినప్పుడు చప్పున అర్థమయ్యేది. పోతును రెండు మూడేళ్లకోసారి పక్క ఊరి మందతో మార్చుకోమని నేను ఎన్ని వివరణలు ఇచ్చినా రానిది, ఈ ఒక్క పోలికతో వచ్చేది.

ఆ మాట వచ్చింది కాబట్టి మేనరికాల గురించి. రాయలసీమలో ఇది ప్రతి ఇంటి విషయం, మా ఇంట్లోనూ ఉంది, అందుకని కాస్త నిదానంగా చెబుతాను. దగ్గరి పెళ్లిళ్లు జన్యువుల సంఖ్యను మార్చవు, వాటి జతలను మారుస్తాయి. కుండలో ఎర్ర ఉలవలు ఎన్నో అన్నే ఉంటాయి, ఎరుపుకు ఎరుపు తగిలే సందర్భాలు పెరుగుతాయి. నూటికి ఒకటి చొప్పున ఉన్న ఒక అంతర్గత వ్యాధి జన్యువును తీసుకుందాం. సంబంధం లేని పెళ్లిళ్లలో ఆ వ్యాధితో పుట్టేవారు పది వేలకు ఒకరు. మేనత్త, మేనమామ పిల్లల మధ్య పెళ్లయితే సుమారు 1,400 మందికి ఒకరు. మేనమామతో అయితే సుమారు 750 మందికి ఒకరు. పది వేల నుంచి 750కి రావడం చిన్న విషయం కాదు. అలాగని మేనమామను చేసుకున్న 750 మందిలో 749 మంది పిల్లలకు ఆ వ్యాధి రాదన్నదీ నిజమే. ఒకే వ్యాధి లెక్క ఇది. అటువంటి జన్యువులు ప్రతి మనిషిలోనూ కొన్ని దాగి ఉంటాయి కాబట్టి మొత్తం ముప్పు దీనికంటే ఎక్కువ. కుటుంబంలో ఇప్పటికే ఒక బిడ్డకు వినికిడి లోపమో రక్తహీనత జబ్బో ఉంటే, నేను లెక్కలు చెప్పను, జన్యు సలహా ఇచ్చే వైద్యుల దగ్గరికి వెళ్లమంటాను. ఈ విషయంలో ఆంధ్రలో తొలి పరిశోధనల్లో కొన్ని చేసినవారు తెలుగువాడైన ద్రోణంరాజు కృష్ణారావు. 1957లో ఇంగ్లండు వదిలి భారతదేశానికి వచ్చేసిన ప్రసిద్ధ జన్యుశాస్త్రవేత్త హాల్డేన్‌కు ఆయన శిష్యుడు.

జతలు చెడే మార్గం ఇంకొకటి ఉంది, పరీక్షల్లో దీన్ని తరచూ వదిలేస్తారు. రక్తంలో ఎమ్, ఎన్ అనే వర్గాలున్నాయి. మూడు రకాలూ పరీక్షలో విడివిడిగా తెలుస్తాయి కాబట్టి లెక్కకు వీలు. ఒక సముదాయంలో వంద మందిని చూస్తే ఎమ్ రకం 81, ఎమ్‌ఎన్ 18, ఎన్ 1 అనుకుందాం. పక్క సముదాయంలో తలకిందులుగా 1, 18, 81. రెండూ విడివిడిగా చక్కటి సమతాస్థితిలో, అంటే సూత్రం చెప్పిన పాళ్లలోనే ఉన్నాయి. ఇప్పుడు ఈ తేడా తెలియని పరిశోధకుడు రెండు వందల మందినీ కలిపి ఒకే పట్టణ జనాభా అని రాసుకున్నాడు. ఆయనకు 82, 36, 82 వస్తాయి. సూత్రం ప్రకారం రావాల్సింది 50, 100, 50. మధ్య రకం ఘోరంగా తగ్గింది. ఏ ప్రకృతి వరణమో వాళ్లను చంపేస్తోందని ఆయన వ్యాసం రాసేస్తాడు. నిజానికి జరిగిందేమీ లేదు, రెండు కుండలను ఒకే కుండ అనుకున్నాడు.

మన దేశంలో ఈ పొరపాటుకు అవకాశం ఎక్కువ. ఒకే వీధిలో ఉంటూ, ఒకే బావి నీళ్లు తాగుతూ, పెళ్లి మాత్రం ఎవరి కులంలో వారే చేసుకుంటాం. హైదరాబాదులోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ శాస్త్రవేత్తలు అమెరికా వారితో కలిసి 2013లో ప్రచురించిన పరిశోధన ప్రకారం సుమారు 4,200 నుంచి 1,900 ఏళ్ల క్రితం దాకా ఇక్కడి జనసమూహాలు విస్తారంగా కలిశాయి, ఆ తర్వాత తలుపులు మూసుకున్నాయి. మూసుకున్న ప్రతి కుండా చిన్నదే, ప్రతిదానిలోనూ ఉలవల ఆట వేరుగా సాగింది. వైశ్య కుటుంబాల్లో కొందరికి శస్త్రచికిత్స సమయంలో కండరాలను సడలించే ఒక మందు ప్రభావం మామూలు కంటే చాలాసేపు ఉండిపోతుంది. దాన్ని విరగ్గొట్టే ఎంజైము లోపించడమే కారణం. మత్తు వైద్యులకు ఇది తెలిసిన సంగతి, ముందే తెలిస్తే ప్రమాదం లేదు. దీన్ని ఒక కులం లోపంగా చదవవద్దని మనవి. ప్రతి సముదాయానికీ దాని కుండలో మిగిలిన ఏవో కొన్ని గింజలుంటాయి, వాళ్లది ముందుగా పరిశోధకుల కంట్లో పడింది, అంతే.

వలస గురించి తక్కువలో. మా చిన్నప్పుడు అనంతపురం పల్లెల్లో గొంగళ్లకు ఉన్ని ఇచ్చే నల్ల దక్కనీ గొర్రెలు ఎక్కువ. ఉన్నికి గిరాకీ పోయి మాంసానికి పెరిగాక, నెల్లూరు పొట్టేళ్లు దిగాయి. ఒక్క పొట్టేలు ఏడాదికి ముప్పై నలభై పిల్లలకు తండ్రి అవుతుంది. పదేళ్లలో మందల రంగే మారింది. జన్యు ప్రవాహం అన్న మాటకు ఇంతకంటే కళ్లకు కట్టే ఉదాహరణ నాకు తెలియదు.

వరణానికి నేను చెప్పే ఉదాహరణ మాత్రం పుస్తకాల్లో ఉండే ఇంగ్లండు నల్ల చిమ్మట కాదు. ఆదోని దగ్గర మా బావమరిది పత్తి చేను.

బీటీ పత్తి మన దేశంలోకి 2002లో వచ్చింది. మొక్కే పురుగుకు విషం తయారు చేస్తుంది. గులాబీ రంగు పురుగుల్లో ఆ విషాన్ని తట్టుకునే జన్యువు అప్పటికే అరుదుగా ఉంది, అది అంతర్గతం. వెయ్యికి ఒకటి ఉందనుకోండి. రెండు ప్రతులూ ఉండి విషాన్ని తట్టుకునే పురుగు పది లక్షలకు ఒకటి. ఒక్క ప్రతి ఉన్నవి, అంటే విషానికి చచ్చిపోయేవే కానీ జన్యువును మోసేవి, వెయ్యికి రెండు. తట్టుకునే ప్రతి పురుగుకూ సుమారు రెండు వేల మోసే పురుగులు. ఈ ఒక్క సంఖ్యలోనే విత్తన పొట్లంతో పాటు ఇచ్చిన చిన్న పొట్లం అర్థమంతా ఉంది.

450 గ్రాముల బీటీ విత్తనంతో పాటు 120 గ్రాముల మామూలు పత్తి గింజలు ఇచ్చేవారు. చేనులో ఐదో వంతు గానీ, చుట్టూ ఐదు సాళ్లు గానీ, ఏది ఎక్కువైతే అంత ఆ గింజ వేయాలని నియమం. ఆ సాళ్లలో మామూలు పురుగులు లక్షణంగా బతుకుతాయి. బీటీ మొక్కల మీద బతికి బయటపడ్డ ఒకటీ అరా మొండి పురుగు జత కోసం ఎగిరితే, చుట్టూ ఉన్నవన్నీ ఈ మామూలువే. వాటికి పుట్టే పిల్లలకు తట్టుకునే ప్రతి ఒక్కటే వస్తుంది. అంటే అవి మళ్లీ బీటీకి చస్తాయి. హార్డీ రాసిన చిన్న గుణకారాన్ని చేనులో నాటడమే ఇది. పురుగులను పెంచి పురుగును అదుపు చేయడం.

మా బావమరిది ఇంటికి పోయినప్పుడు అటక మీద ఆ చిన్న పొట్లాలు దొంతరగా కనిపించాయి. "ఏమి బావా, వేయలేదా?" అన్నాను. "పురుగుకు మేత వేసేదానికి నేను కౌలు కట్టాలా?" అన్నాడు. ఆయన మాటలోనూ న్యాయం ఉంది. చేలో ఐదో వంతు నష్టం తనది, లాభం ఊరందరిదీ. పక్కవాడు వేయనప్పుడు తానొక్కడే ఎందుకు వేయాలి? కొందరు గట్టు చుట్టూ కంది వేశారు. శనగపచ్చ పురుగుకైతే కంది సరిపోయేది, అది చాలా రకాల పైర్లు తింటుంది. గులాబీ పురుగు ప్రధానంగా పత్తినే నమ్ముకున్న జీవి, దానికి కంది సాలు ఉన్నా లేనట్లే.

జరగాల్సిందే జరిగింది. మొండి పురుగుకు చుట్టూ మొండి పురుగులే మిగిలాయి. 2010 నాటికే గుజరాత్‌లో మొదటి రకం బీటీని తట్టుకున్న గులాబీ పురుగు బయటపడింది. రెండు విష జన్యువులున్న రెండో రకానికి కూడా 2014 తర్వాత అది లొంగడం మానేసింది. ఒక డిసెంబరులో చేనులో నిలబడి బావమరిది ఒక కాయ కొరికి విప్పి నా చేతిలో పెట్టాడు. పైకి కాయ నున్నగా ఉంది, రంధ్రం లేదు. లోపల రెండు గింజలు ఒకదానికొకటి అతుక్కుని ఉన్నాయి, వాటి మధ్య గులాబీ రంగు పురుగు తీరుబడిగా ముడుచుకుని ఉంది. దూది పసుపు పచ్చగా మారింది. అంతకు ముందు పూతలోనే రేకులు విచ్చుకోని గుడ్డి పువ్వులు కనిపించాయట, లెక్క చేయలేదన్నాడు. ఇదే పురుగును అమెరికాలో అరిజోనా రైతులు బీటీ లేని సాళ్లు నియమంగా వేసి ఏళ్ల తరబడి లొంగదీసి ఉంచారు, ఆపైన వంధ్య చిమ్మటలను వదిలి దాదాపు తుడిచిపెట్టారు. పురుగు ఒకటే, జన్యువు తీరు ఒకటే, తేడా ఆ అటక మీది పొట్లంలోనే ఉంది. అన్నట్టు ఇప్పుడు మామూలు గింజను అదే సంచిలో కలిపి ఇస్తున్నారు, రైతు ఏరలేడు కాబట్టి.

ఉత్పరివర్తనం గురించి అడగలేదు కానీ ఐదు బలాల్లో అదొకటి కాబట్టి ఒక్క మాట. కొత్త గింజను కుండలోకి తెచ్చేది అదే, అది లేకపోతే మిగతా నాలుగిటికీ పని లేదు. కానీ తోసే బలంగా చూస్తే బహు మెల్లనిది. తరానికి లక్షకు ఒకటి చొప్పున ఒక ప్రతి మారుతుంటే, ఆ జన్యువు సగానికి రావడానికి దాదాపు 69,000 తరాలు కావాలి. ఒక మందలో పదేళ్లలో తేడా కనిపించిందంటే ఉత్పరివర్తనాన్ని అనుమానించకండి, పోతు ఎక్కడిదో అడగండి.

మీరు జాగ్రత్త పడాల్సినవి రెండున్నాయి. లెక్కలు సూత్రానికి సరిపోయాయి కదా అని ఏ బలమూ లేదని తీర్మానించవద్దు. పుట్టిన వెంటనే లెక్కపెడితే సమతాస్థితి కనిపించవచ్చు, పెద్దయ్యేలోపు కొన్ని రకాలు చనిపోతుండవచ్చు. కొడవలి కణ వ్యాధి ఉన్న ప్రాంతాల్లో అటువంటిదే జరుగుతుంది. రెండు ప్రతులున్నవారు ఆ వ్యాధితో, ఒక్కటీ లేనివారు మలేరియాతో నష్టపోతారు, ఒక ప్రతి ఉన్నవారు నిలుస్తారు. అందుకే ఆ హానికర జన్యువు పోనే పోదు. రెండోది, బుడిపెల వంటి బహిర్గత లక్షణంతో సూత్రాన్ని పరీక్షించడమే కుదరదు. బుడిపెలున్న మేకల్లో ఎన్నిటికి రెండు ప్రతులున్నాయో, ఎన్నిటికి ఒకటో పైకి తెలియదు కాబట్టి, సూత్రం సరైనదని ముందే ఒప్పుకుని లెక్క కట్టాలి. బుడిపెలు లేనివి నూటికి 49 అయితే 0.49 వర్గమూలం 0.7 అని రాస్తాం. ప్రాక్టికల్ రికార్డుల్లో చాలామంది ఇలా కట్టిన సంఖ్యలను మళ్లీ సూత్రంలో వేసి 'సరిపోయింది' అని రాస్తారు. సరిపోకేం చేస్తుంది? ఆ రికార్డులకు మార్కులు వేసిన పాపం నాకూ ఉంది.

మీ చిన్నాన్న గారి మందలో అసలు తేడా తెలుసుకోవాలంటే ఈసారి ఈనికలకు ఇంట్లో ఉండండి అమ్మా. బుడిపెలు లేని మేకలను ఒక కాగితం మీద విడిగా రాసుకుని, ఏ పోతుతో కట్టిందో కాపరిని అడిగి పక్కనే రాయండి. బుడిపెల పోతుకు పుట్టిన పిల్లల్లో ఒక్కదానికి బుడిపెలు లేకపోయినా ఆ పోతు దగ్గర ఒక ప్రతే ఉందని తేలిపోతుంది. బుడిపెలు లేని మేకలకు దానితో పది పిల్లలు వరుసగా బుడిపెలతోనే పుడితే దాదాపు ఖాయంగా రెండు ప్రతులున్నట్లు లెక్క. ఆ పోతును సంతలో ఎవరి దగ్గర కొన్నారో, దాని తోబుట్టువు ఏదైనా ఇప్పటికే మందలో ఉందో కూడా అడిగి రాసుకోండి.